దారి బత్తెం: హథ్‌ఖోజ్‌లో కలిగిన కొన్ని ఆలోచనలు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో దుర్గ్ జిల్లాకు చెందిన భిలాయి ఉక్కు నగరాన్ని గురించి మన పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పవలసినది లేదు. అయితే ఆ నగరాన్ని ఆనుకొని ఉన్న హథ్‌ఖోజ్ అనే పారిశ్రామిక వాడ పేరు విన్నవారు తక్కువమందే ఉంటారు. అక్కడ చూడదగిన గోపురం గాని, కోట గాని లేదు. పర్యాటకులు ఆ దారిన పోరు. అయినప్పటికీ, ఎన్నాళ్లుగానో మా మనస్సులో మెదలుతున్న ఒక ప్రశ్నకు రూపం ఏర్పడినది ఆ వాడలోనే. యువ భూశాస్త్రవేత్తలు అంతర్జాతీయ సభలకు వెళ్లి రావడానికి దారి బత్తెం ఎవరు సమకూర్చాలి? ఎందుకు సమకూర్చాలి? ఇదే ఆ ప్రశ్న.

2025 జనవరి మాసంలో సంస్థ పనిమీద మేము ముగ్గురం సహోద్యోగులం విశాఖపట్నం నుంచి దుర్గ్‌కు బయలుదేరాము. 2024 సెప్టెంబరులో ప్రారంభమైన వందే భారత్ రైలు మధ్యాహ్నం విశాఖలో కదిలి, అదే రాత్రికి దుర్గ్ చేరుస్తుంది. విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్, రాయపూర్ మీదుగా సాగే ఈ మార్గం భూగర్భ శాస్త్రం చదివినవారికి ఒక పాఠ్యగ్రంథం వంటిది. మొదట తూర్పు కనుమల ఖోండలైట్ కొండలు కనిపిస్తాయి. ఆ కొండలలో నివసించే ఖోండు గిరిజనుల పేరే ఆ రాతికి స్థిరపడినది. ప్రపంచంలో ఎక్కడ ఆ జాతి రాయి దొరికినా శాస్త్రజ్ఞులు మన మన్యం ప్రజల పేరుతోనే పిలుస్తారు. రాయగడ దాటేసరికి చీకటి పడినది. కనుమలు వెనుకబడి, ఛత్తీస్‌గఢ్ మైదానంలోకి బండి ఎప్పుడు ప్రవేశించినదో మాకు తెలియలేదు.

హథ్‌ఖోజ్ వాడ

రెండు రోజులు కార్యాలయపు పనులతో గడిచినవి. మూడవనాడు ఒక యంత్ర భాగం తయారీని పరిశీలించడానికి హథ్‌ఖోజ్ వెళ్లవలసి వచ్చినది.

హథ్‌ఖోజ్ అనగానే చేయి, వెతుకులాట అన్న అర్థాలు గల రెండు హిందీ మాటలు చెవికి వినిపిస్తాయి. ఊరి పేరుకు అసలు మూలం ఏదైనా కావచ్చును గాని, చేతితో వెతికి పట్టుకోవడమన్న భావం ఆ రోజంతా మమ్మల్ని విడిచిపెట్టలేదు. వాడలో వరుసగా రేకుల షెడ్లు. ఒకదానిలో పోతపోసిన భాగాలను చెక్కుతుంటారు. మరొకదానిలో మందపాటి ఉక్కు పలకలను కోసి అతుకుతుంటారు. ఇంకొకదానిలో కడ్డీలను సాగదీస్తుంటారు. ఉక్కు కర్మాగారానికీ, రైల్వేలకూ అవసరమైన చిన్నా పెద్దా వస్తువులు ఇటువంటి వాడలలోనే తయారవుతాయి. పెద్ద కర్మాగారం మహావృక్షమైతే, ఈ షెడ్లు దాని ఊడలు.

షెడ్ల నడుమ మిగిలిన ఖాళీ నేలలో ఎర్రని గరుకు మట్టి కనిపించినది. స్థానికులు దానిని భాటా అంటారు. పంటకు అంతగా పనికిరాదు. నల్లరేగడిని కన్హార్ అనీ, పసుపు వన్నె మట్టిని మటాసీ అనీ పిలుస్తారు. వరి పండించే రైతు తన మట్టికి తానే పేరు పెట్టుకుంటాడు. శాస్త్రం తరువాత వచ్చి ఆ పేర్లకు వివరణ రాసుకుంటుంది.

మేము వెళ్లిన షెడ్డులో లేత్ యంత్రం వద్ద పనిచేస్తున్న మేస్త్రీ మా మాటలు విని, తెలుగులోనే పలకరించారు. శ్రీకాకుళం జిల్లావారు. తండ్రి కర్మాగార నిర్మాణ కాలంలో కూలిపనికి వచ్చి, ఇక్కడే స్థిరపడ్డారట. ఇటువంటి తెలుగు కుటుంబాలు భిలాయిలో అనేకం ఉన్నవి. పని పూర్తయిన పిమ్మట ఆయన కొంత సంకోచిస్తూ, “సార్, మా అమ్మాయి రాళ్ల చదువు చదువుతోంది. మీరు పెద్ద చదువులు చదివినవారు. ఇల్లు దగ్గరే. టీ తాగి, దానితో ఒక్క మాట మాట్లాడి వెళ్లండి” అని కోరారు. ఆ ఆహ్వానాన్ని కాదనలేకపోయాము.

ఒక రాయి, ఒక లేత్

రెండు గదుల ఇల్లు. కిటికీ గట్టుమీద కుండీలకు బదులు రాళ్లు వరుసగా పేర్చి ఉన్నవి. అమ్మాయి భూగర్భ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నది. తండ్రి ఆమెను పరిచయం చేయగానే నమస్కరించి, ఒక బూడిదరంగు రాతిపలకను తెచ్చి మా చేతిలో పెట్టినది. కోసి నునుపు చేసిన ఆ ముఖం మీద, ఉల్లిపాయను అడ్డంగా కోసినప్పుడు కనిపించే పొరల వంటి వలయాలున్నవి.

“ఇది స్ట్రొమటొలైట్ అండీ. నందిని వైపు సున్నపురాయిలో ఉంటుంది. లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన ఇల్లు” అని వివరించినది.

ఆ నందిని సున్నపురాయి మనవంటివారికి అపరిచితమైనది కాదు. భిలాయి కొలిములలో ఖనిజంలోని మలినాలను చిట్టెంగా వేరుచేయడానికి వాడినది ఆ గనుల రాతినే. ఇంతకాలం మేము దానిని సున్నం శాతం, సిలికా శాతం అనే రెండు అంకెలుగానే ఎరుగుదుము. అది ఒకప్పటి సముద్రపు అడుగు అనీ, దానిలో ప్రాణుల పనితనం ఉన్నదనీ ఆ పలకను చేత పట్టుకున్నప్పుడు గాని మనస్సుకు ఎక్కలేదు.

సంభాషణలో అసలు సంగతి బయటపడినది. 2024 ఆగస్టులో దక్షిణ కొరియాలోని బుసాన్ నగరంలో 37వ అంతర్జాతీయ భూగర్భ శాస్త్ర మహాసభ జరిగినది. ఈ అమ్మాయి పంపిన పరిశోధన సారాంశం ఆ సభకు ఆమోదం పొందినది. రిజిస్ట్రేషన్ రుసుము ముందే చెల్లించాలి. విమానపు టిక్కెట్టు ముందే కొనాలి. వీసాకు బ్యాంకు ఖాతాలో సొమ్ము చూపాలి. ఒకచోట సహాయం దొరికే అవకాశం కనిపించినది గాని, అది తిరిగివచ్చి రశీదులు సమర్పించిన తరువాత ఇచ్చే సహాయం. ముందు పెట్టుబడి పెట్టగలవారికే అక్కరకు వచ్చేది. మేస్త్రీగారు రెండవ లేత్ యంత్రానికి బయానా ఇవ్వడానికి దాచిన సొమ్ము ఇస్తానన్నారు. అమ్మాయి ఒప్పుకోలేదు. తన పత్రాన్ని ఉపసంహరించుకుంటున్నట్లు నిర్వాహకులకు లేఖ రాసినది.

“లేత్ ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది కొనుక్కుందును సార్. ఆ సభ మళ్లీ నాలుగేళ్లకు గాని రాదట” అన్నారు తండ్రి.

“నాన్నా, లేత్ ఉంటే ఇల్లు గడుస్తుంది. సభకు వెళ్లొస్తే ఏం వస్తుందో నేనే చెప్పలేను కదా” అన్నది కూతురు.

మాలో ఒకరు, “ఈ రోజుల్లో అన్నీ తెరమీదే చూడవచ్చు కదమ్మా, అంత దూరం పోవడమెందుకు?” అని అడిగారు. ఆమె చిరునవ్వు నవ్వి, “మీరు ఇందాక ఆ రాయిని తిప్పి తిప్పి చూశారండీ. తెర మీద అట్లా తిప్పలేం కదా” అన్నది.

తిరుగు ప్రయాణంలో మా మధ్య చాలాసేపు మాటలు లేవు. సభకు వెళ్లి వస్తే ఏమి వస్తుంది? కూతురు సమాధానం చెప్పలేనన్న ప్రశ్నకు, ఆ నగరపు చరిత్రే సమాధానం చెబుతున్నదని మాకు తోచినది.

1874 నాటి విద్యార్థి వేతనం

భిలాయికి దక్షిణాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, ఇప్పుడు బాలోద్ జిల్లాలో, దల్లీ–రాజహరా ఇనుప గనులున్నవి. భిలాయి కర్మాగారం అక్కడ వెలసినదే ఆ ఖనిజాన్ని ఆధారం చేసుకొని. ఆ కొండలలో ఇనుమున్నదని స్థానికులకు ఏనాటినుంచో తెలుసును. వారు మట్టి కొలిములలో ఖనిజాన్ని కరిగించి పనిముట్లు చేసుకునేవారు. ఆ విషయాన్ని శాస్త్రీయ ప్రపంచానికి నివేదించినది ప్రమథనాథ్ బోస్. అప్పటి రాయపూర్ జిల్లా పశ్చిమ భాగంలోని ఇనుప పరిశ్రమను గురించి ఆయన రాసిన వ్యాసాన్ని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తన పత్రికలో 1887లో ప్రచురించినది.

బోస్ 1855లో బెంగాల్‌లోని ఒక గ్రామంలో జన్మించారు. 1874లో గిల్‌క్రైస్ట్ విద్యార్థి వేతనం లభించగా, 19 ఏళ్ల ప్రాయంలో లండన్ వెళ్లారు. అక్కడ విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో శిక్షణ పొంది, 1880లో సర్వేక్షణ సంస్థలో అధికారిగా చేరారు. ఆ వేతనానికి మూలధనం ఇచ్చిన జాన్ బోర్త్‌విక్ గిల్‌క్రైస్ట్ స్కాట్లండ్ దేశస్థుడు. వైద్యుడుగా భారతదేశానికి వచ్చి, హిందుస్థానీ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన పండితుడు. 1841లో మరణించారు. ఆయన విద్యకై విడిచిపోయిన ఆస్తి, ఆయన ఎన్నడూ చూడని ఒక బాలునికి 33 ఏళ్ల తరువాత ఓడ ప్రయాణపు ఖర్చు అయినది. అదే వేతనంతో 1882లో ఎడిన్‌బరో వెళ్లిన మరొక యువకుడు ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్.

1904 ప్రాంతంలో ఉక్కు కర్మాగారానికి స్థలాన్ని వెతుకుతూ దొరాబ్జీ టాటా బృందం మధ్య పరగణాలలో సంచరించినది. నాగపూర్ మ్యూజియంలో దొరాబ్జీ ఒక భూగర్భ పటాన్ని చూసి, దుర్గ్ సమీపాన ఇనుము ఉన్నట్లు గమనించారనీ, ఆ ఆనవాలు పట్టుకొనే అమెరికన్ నిపుణుడు సి. ఎం. వెల్డ్‌తో కలిసి దల్లీ, రాజహరా కొండలకు వెళ్లారనీ టాటా చరిత్రకారులు చెబుతారు. ఖనిజం మేలైనదే. అయితే దానికి తగిన కోకింగ్ బొగ్గు చేరువలో లేదు. ఆ కొండలను వారు విడిచిపెట్టవలసి వచ్చినది. ఈలోగా సర్వేక్షణ సంస్థ నుంచి విరమించి మయూర్‌భంజ్ సంస్థానంలో పనిచేస్తున్న బోస్, 1904 ఫిబ్రవరి 24న జంషెడ్జీ టాటాకు లేఖ రాసి అక్కడి ఇనుప నిల్వలను ఎరుకపరిచారు. జంషెడ్‌పూర్ అట్లా పుట్టినది.

దల్లీ–రాజహరా మాత్రం తన వంతుకోసం మరో అర్ధశతాబ్ది వేచి ఉన్నది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ భిలాయి మొదటి కొలిమిని ప్రారంభించారు. 1874లో ఒక విద్యార్థికి ఇచ్చిన దారి బత్తెం నుంచి ఆ కొలిమి వెలిగే దాకా 85 ఏళ్లు పట్టినది.

ఈ వరుసలో మాకు ముఖ్యమని తోచినది ఒకటి. ధనం ఇచ్చినవారు ఫలితం చూడలేదు. ఫలితం దక్కినది వారి దేశానికి కూడా కాదు. వేతనం మంజూరు చేసిన సమితి సభ్యులను ఎవరైనా, “ఈ కుర్రవాడిని పంపితే ఏమి వస్తుంది?” అని నిలదీసి ఉంటే, ఛత్తీస్‌గఢ్‌లో ఒక ఉక్కు కర్మాగారం వస్తుందని వారు చెప్పగలిగేవారా? మేస్త్రీగారి కూతురికి మాత్రం ఆ సమాధానం ఎట్లా తెలుస్తుంది?

రాతి వయస్సు

ఒకరిద్దరు మహనీయుల కథను ఆధారం చేసుకొని నియమం చేయరాదని కొందరు అనవచ్చును. ఇటీవలి కాలపు నిదర్శనం ఒకటి మనవి చేస్తాము. అది కూడా హథ్‌ఖోజ్ ఉన్న మైదానానికి సంబంధించినదే.

రాయపూర్, దుర్గ్, బిలాస్‌పూర్ ప్రాంతాల కింద పరచుకొని ఉన్న సున్నపురాళ్లు, షేళ్లు, ఇసుకరాళ్ల సముదాయాన్ని ఛత్తీస్‌గఢ్ బేసిన్ అంటారు. మన కడప బేసిన్‌కు ఇది దూరపు చుట్టం వంటిది. ఈ రాళ్లలో ఎముకలు, గవ్వలు వంటి శిలాజాలు లేవు. అందువలన వీటి వయస్సు నిర్ణయించడం కష్టమై, చాలాకాలం ఊహల మీదనే గడిచినది. బేసిన్ పైభాగపు పొరలలో అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడిన ఒక రాయి ఉన్నది. దానిలో జిర్కాన్ అనే ఖనిజపు అతిసూక్ష్మ స్ఫటికాలుంటాయి. వాటిలోని యురేనియం నియమిత వేగంతో సీసంగా మారుతుంది. మారిన భాగాన్ని కొలిస్తే స్ఫటికం పుట్టిన కాలం తెలుస్తుంది. ఇంత సన్నని కొలతకు ఖరీదైన అయాన్ సూక్ష్మదర్శిని వంటి పరికరం కావాలి.

కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థ పరిశోధకులు, అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులతో కలిసి ఆ పని చేశారు. 2007లో ప్రకటించిన ఫలితం ప్రకారం, బేసిన్ పైపొరల వయస్సు సుమారు 100 కోట్ల సంవత్సరాలు. అంతవరకు నమ్ముతూ వచ్చిన కాలగణనకు దాదాపు 50 కోట్ల సంవత్సరాల సవరణ అవసరమైనది. పంచాంగంలో తిథి మారితేనే మనం అన్ని లెక్కలూ తిరగవేసుకుంటాము. ఒక భూభాగపు వయస్సే మారితే, దానితో పోల్చి చూసే ఇతర బేసిన్ల లెక్కలు సైతం మళ్లీ చూసుకోవలసి వస్తుంది.

ఒకరివద్ద రాయి ఉన్నది, మరొకరివద్ద పరికరం ఉన్నది. ఆ ఇద్దరూ పరిచయమై, పరస్పరం నమ్మకం ఏర్పడితే తప్ప ఇటువంటి పని సాగదు. అంతర్జాతీయ సభలలో వేదికమీది ఉపన్యాసాలు అచ్చులో చదువుకోవచ్చును. కాని పోస్టరు ముందు నిలబడి అడిగే ప్రశ్న, తేనీటి విరామంలో సంచిలోంచి తీసి చూపించే రాతిముక్క అచ్చులో దొరకవు. యువకులకు ఆ పరిచయమే అత్యవసరం. ప్రసిద్ధులైనవారిని ఎవరైనా వెతుక్కుంటూ వస్తారు. ఇంకా పేరు లేనివారు తామే నడిచి వెళ్లాలి.

సభ మన ముంగిటికి వచ్చినప్పుడు

అంతర్జాతీయ భూగర్భ శాస్త్ర మహాసభ మొదటిసారి 1878లో పారిస్‌లో జరిగినది. 1964 డిసెంబరులో 22వ మహాసభకు న్యూఢిల్లీ ఆతిథ్యం ఇచ్చినది. ఆసియా ఖండంలో ఆ సభ జరగడం అదే ప్రథమం. సభ మన ఇంటికి వచ్చినప్పుడు దారి ఖర్చు తగ్గుతుంది. రైలు టిక్కెట్టుతో ప్రపంచమంతా కనిపిస్తుంది.

అటువంటి భాగ్యం మరల 2020లో లభించవలసినది. 36వ మహాసభను ఆ ఏడాది మార్చిలో ఢిల్లీ సమీపాన జరపడానికి భారత్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక దేశాలు పూనుకున్నవి. సర్వం సిద్ధమైన వేళ కోవిడ్ మహమ్మారి విరుచుకుపడినది. సభ వాయిదాలు పడి, చివరకు 2022 మార్చి 20 నుంచి 22 వరకు అంతర్జాలం ద్వారానే జరిగినది. తెరమీద జరిగినందువలన ప్రయాణ వ్యయం లేదు, నిజమే. కాని కొండల వద్దకు జరిపే క్షేత్ర పర్యటనలు లేవు. మన గుట్టలను, గనులను విదేశీ నిపుణులకు చూపించే అవకాశం మన యువకులకు చేజారినది.

ఖర్చు పెట్టలేనివారిని పిలుచుకొనవలసిన బాధ్యత తమదేనని ఈ మహాసభల నిర్వాహకులు సైతం గుర్తించారు. 2008లో ఓస్లోలోను, 2012లో బ్రిస్బేన్‌లోను జరిగిన సభలకు జియోహోస్ట్ అనే పథకం ద్వారా అల్పాదాయ దేశాల భూశాస్త్రవేత్తలకు సహాయం చేశారు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ శాస్త్ర విభాగం యువ శాస్త్రవేత్తల విదేశ ప్రయాణానికై ఒక పథకాన్ని ఎన్నో ఏళ్లు నడిపినది. 35 ఏళ్లలోపు వారికి విమాన ఛార్జీ, రిజిస్ట్రేషన్ రుసుము, వీసా ఖర్చు దానిలో చేరి ఉండేవి. ఆ బాధ్యత వహించిన శాస్త్ర, ఇంజనీరింగ్ పరిశోధన మండలి, 2023 నాటి చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠానంలో విలీనమైనది. పథకాలు లేవని ఎవరూ అనలేరు. కోరేవారు అనేకులు, నిధులు పరిమితం. ఆ రెండింటి నడుమ మిగిలిపోయేవారిని గురించే మా విచారం.

వాల్తేరు జ్ఞాపకం

ప్రయాణం ఎప్పుడూ మన దేశం నుంచి బయటికే సాగాలని లేదు. విశాఖవాసులకు ఈ సంగతి స్వానుభవమే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1941లో భూగర్భ శాస్త్ర శాఖను నెలకొల్పినవారు ఆచార్య కలమూర్ మహదేవన్. 1950వ దశకంలో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరుకు వచ్చి, స్థానిక విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని పరిశీలించారు. భారత నౌకాదళపు ఓడలలో వెళ్లి నీటి ఉష్ణోగ్రతను, ఉప్పదనాన్ని, లోతును కొలిచారు. మన తీరానికి ఎదుట సముద్ర గర్భంలో ఉన్న మూడు లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని లాఫాండ్ పెట్టిన పేర్లు శాస్త్ర గ్రంథాలకు ఎక్కినవి. మూడవ పేరు ఉపకులపతి వి. ఎస్. కృష్ణగారిది. ఎక్కడినుంచో వచ్చిన ఒక ఆచార్యుని ప్రయాణం వలన మన ఊరి విద్యార్థులకు ఒక కొత్త శాస్త్రం చేతికందినది.

భిలాయి చరిత్రలోనూ ఇటువంటి రాకపోకలే ఉన్నవి. సోవియట్ నిపుణులు ఇక్కడికి వచ్చారు. మన యువ ఇంజనీర్లు అక్కడి కర్మాగారాలకు శిక్షణకై వెళ్లారు. వారి ప్రయాణ వ్యయాన్ని ఆనాడు ఎవరూ దుబారాగా ఎంచలేదు. కొలిమి వద్ద నిలబడి నేర్చుకోవలసిన విద్య పుస్తకాలలో దొరకదని అందరికీ తెలుసును. రాతి వద్ద నిలబడి నేర్చుకోవలసిన విద్య సంగతీ అంతే.

మనం చేయదగినది

ఇక మన సంస్థలవైపు చూద్దాము. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత పరిమాణం గల కంపెనీలు, గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. విద్యాభివృద్ధి దానిలో ఉన్నది. అయితే 2021లో సవరించిన నియమాలు, దేశం వెలుపల చేపట్టే కార్యక్రమాలను ఆ లెక్కనుంచి తొలగించినవి. దానికి ఒక మినహాయింపు ఉన్నది. జాతీయ, అంతర్జాతీయ స్థాయి పోటీలలో పాల్గొనే మన క్రీడాకారుల శిక్షణకు వెచ్చించవచ్చును. ఆటగాళ్లకు దొరికిన ఆ సదుపాయం మెచ్చదగినది. శాస్త్రవేత్తల పేరు మాత్రం ఆ వాక్యంలో లేదు. దేశం తరఫున పతకానికై వెళ్లేవారితోపాటు, దేశపు రాతిని చేతపట్టుకొని వెళ్లేవారిని కూడా ఆ వాక్యంలో చేర్చవలసినదిగా ప్రభుత్వరంగ సంస్థల సంఘాలు కోరితే బాగుంటుంది.

అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చోనవసరం లేదు. ఉద్యోగులు స్వచ్ఛందంగా నెలకు కొద్దిపాటి చందాతో ఒక దారి బత్తెం నిధిని ఏర్పాటు చేసుకోవచ్చును. పెద్ద లెక్కలు అక్కరలేదు. భిలాయిలో తయారయ్యే పొడవైన రైలు పట్టా 260 మీటర్లు. మీటరుకు 60 కిలోల చొప్పున దాని బరువు 15,600 కిలోలు. అంత ఉక్కు విలువతో ఒకరు కాదు, కొందరు యువకులు బుసాన్ వంటి చోటికి వెళ్లి రావచ్చును. మన రంగంలో ఒక్క పట్టా ఎంత స్వల్పమో మనకు తెలుసును.

ఆ నిధికి నాలుగు నియమాలుంటే చాలునని మా అభిప్రాయం. మొదటిది, సొమ్మును ప్రయాణానికి ముందే ఇవ్వాలి. రశీదు చూపిన తరువాత ఇచ్చే సహాయం ఉన్నవానికి ఊరట, లేనివానికి అందని ద్రాక్ష. రెండవది, ఎంపిక ఆమోదం పొందిన పత్రాన్ని బట్టి, అవసరాన్ని బట్టి జరగాలి గాని, సిఫారసును బట్టి కాదు. మన ఉద్యోగుల పిల్లలతో పాటు ఒప్పంద కార్మికుల పిల్లలకు, చుట్టుపక్కల వాడలలోని చిన్న షెడ్ల వారి పిల్లలకు కూడా తలుపు తెరిచి ఉండాలి. మూడవది, తిరిగివచ్చినవారు మన ఊరి పాఠశాలలో ఒక గంటసేపు తమ భాషలో ఆ విషయాన్ని చెప్పాలి. నాలుగవది, ఫలితం ఏదని ఏడాదికొకమారు లెక్క అడగరాదు. అడగవలసినది ప్రయాణం నిజంగా జరిగినదా, పత్రం సమర్పించారా అన్నంతవరకే.

ఈ నాలుగవ నియమం మన ఆడిట్ విభాగం మిత్రులకు రుచించకపోవచ్చును. ప్రజాధనానికి లెక్క ఉండాలన్న వారి పట్టుదలను మేము గౌరవిస్తాము. కాని కొన్ని పెట్టుబడులకు గడువు మన ఉద్యోగ కాలం కంటె పెద్దది. దల్లీ–రాజహరాలో ఏడెనిమిది దశాబ్దాల వెనుక ఒకరు నమోదు చేసిన ఖనిజాన్ని మరొక తరం తవ్వుకొని కొలిమిలో వేసినది. ఆ నిల్వలు ఇప్పుడు తరిగిపోతున్నవి. భిలాయి తన చూపును బస్తర్ వైపున్న రావ్‌ఘాట్ కొండల మీద నిలిపినది. రావ్‌ఘాట్ తరువాత ఏమిటన్న ప్రశ్నకు సమాధానం వెతికేవారు ఈపాటికి ఏదో కళాశాలలో చదువుతూ ఉంటారు. ఇనుమే కాదు, నీరు, భూకంపాలు, కొత్త లోహాలు, మారుతున్న వాతావరణం అన్నిటికీ భూమిని చదవగలిగినవారు కావాలి.

ఒక మనవితో ముగిస్తాము. మన పత్రిక చదివే కుటుంబాలలో భూగర్భ శాస్త్రం, సముద్ర శాస్త్రం, గనుల విద్య చదివే పిల్లలున్నట్లయితే, వారి పత్రాలు ఏ సభకైనా ఆమోదం పొందినట్లయితే, ఆ సంగతిని సంక్షేమ విభాగానికి తెలియజేయవలసినదిగా కోరుతున్నాము. నిధి ఏర్పడే లోపల కనీసం వారి పేర్లు మనకు తెలిసి ఉండాలి. మహాసభలు నాలుగేళ్లకొకసారి వస్తాయి. బుసాన్ సభ ముగిసి కొంతకాలమైనది. తరువాతి సభకు దరఖాస్తులు పిలిచేనాటికి, సొమ్ము లేదన్న కారణంతో ఒక్క ఉపసంహరణ లేఖ కూడా మన వాడల నుంచి వెళ్లకుండా చూడగలిగితే, అది మన చేతిలో ఉన్న పని.